కొబ్బరిమొక్కకు డెబ్బై ఏళ్ళ లెక్క



చాలా రోజులకు వ్రాస్తున్నాను. ఈ టపాకు కారణం మా ఇంట్లో జరిగిన ఒక తగాదా. తోట మళ్ళీ వెయ్యాలా, వద్దా అన్నది తగాదా విషయం. వాదప్రతివాదులం ఇద్దరం: నేను, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి. మధ్యవర్తి మా తోటలో నలభై ఏళ్ళుగా కొబ్బరి దింపు తీసిన ముసలాయన. తీర్పు ఎలా వచ్చిందో చివర చెబుతాను. దారిలో శీతోష్ణస్థితి, బొగ్గు, పంచాంగం, మూత్రపిండాలు అన్నీ తగులుతాయి. ఓపిక పట్టండి.

మాది ఇచ్ఛాపురం. ఆంధ్రదేశానికి ఉత్తరపుటంచున, బాహుదా నది పక్కన ఉన్న ఊరు. ఇక్కడినుండి దక్షిణంగా కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వరకు సముద్రం వెంబడి సాగే ఇసుకనేలల తోటల సీమను ఉద్దానం అంటారు. ఉద్యాన శబ్దానికి ఇది తద్భవమని తరగతిలో ముప్పై ఏళ్ళపాటు చెప్పాను. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి కలగలిసి పెరిగిన ఆ నీడలో నడిచినవాడికి ఆ వ్యుత్పత్తిని వేరే నిరూపించనక్కర లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది. గాలివేగం గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. తిత్లీ అంటే సీతాకోకచిలుక. పాకిస్తాను సూచించిన పేరు. మా నాన్నగారు తన యౌవనంలో వేసిన కొబ్బరిచెట్లు డెబ్బై నాలుగు ఉండేవి. గాలి తగ్గాక వెళ్ళి చూస్తే నిలిచినవి తొమ్మిది. కొన్ని వేళ్ళతో సహా పెకలి పడ్డాయి, కొన్నింటికి మొవ్వు విరిగి మొండెం మిగిలింది. ఉద్దానం పొడవునా నేలకూలినవి లక్షలు. దింపు తీసే ముసలాయన గట్టుమీద కూర్చొని, "సెట్టు పోతే పోనాది మేస్టారూ, నీడ ఎల్లిపోనాది," అన్నాడు. తొంభై ఏళ్ళ వరకు తన కొడుకులకూ మనుమలకూ పని చూపించే చెట్లవి. పడిన మొద్దులు సకాలంలో తీయలేకపోయాము. అవి కుళ్ళి కొమ్ముపురుగుకు నెలవైనాయి. ఆపైన సర్పిలాకార తెల్లదోమ వచ్చింది. మిగిలిన తొమ్మిదిలో రెండు అలా పోయాయి.

ఇక మా అబ్బాయి వాదం. "ఇంకో తుపాను వస్తుంది నాన్నా, మళ్ళీ పోతుంది. అమ్మేద్దాం, లేదా రొయ్యల చెరువుకు లీజుకిద్దాం." తెలివిగలవాడు, లెక్క తెలిసినవాడు. కాని అతని లెక్క ఐదేళ్ళది. నాటురకం కొబ్బరి కాపుకు రావడానికే ఆరేడేళ్ళు పడుతుంది. వచ్చాక అరవై, డెబ్బై ఏళ్ళు నిలుస్తుంది. అంటే నేను ఈ ఏడు మొక్క పెడితే అది 2090 దాటి చూడవలసినది. వరి వేసేవాడు ఈ సంవత్సరపు వానను తలచుకొంటే చాలు. కొబ్బరి వేసేవాడికి తన మనుమడి ముసలితనంలో బంగాళాఖాతం ఎలా ఉంటుందన్న ప్రశ్న తప్పదు. పెద్ద పెద్ద సభలలో తేలని విషయం మా ఎకరంన్నర తోటలో, మూడడుగుల గుంత దగ్గర నన్ను పట్టుకొన్నది.

ఇక్కడ పండితుడి చాదస్తం కొంచెం ప్రదర్శిస్తాను. పత్రికలవారు 'వాతావరణ మార్పు' అని వ్రాస్తారు. మన భూగోళ పాఠాలలో వాతావరణం వేరు, శీతోష్ణస్థితి వేరు. ఈ రోజు ఎండా, మబ్బా అన్నది వాతావరణం. ఒక సీమలో ముప్పై ఏళ్ళ ఎండల, వానల, గాలుల సగటు నడక శీతోష్ణస్థితి. ఒకటి మనిషి కోపం వంటిది, రెండవది స్వభావం వంటిది. మారుతున్నది రెండవది. పేరు మాత్రం మొదటిదానిది పెట్టాము. అందువల్లనే మా వీధి అరుగుమీద, "వాతావరణం మారడం వింతేమిటి మేస్టారూ, పొద్దున మబ్బు, మధ్యాహ్నం ఎండ!" అన్న పెద్దమనిషికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తప్పు ఆయనది కాదు, మాటది. 'కర్బన ఉద్గారాలు' అన్న మాట ఇంకా ఘోరం. ఈ కొత్త గ్రాంథికాన్ని చూస్తే గిడుగు రామమూర్తి పంతులుగారు ఏమనేవారో! నా చిన్నప్పటి సామాన్యశాస్త్రంలో ఆ వాయువును బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఎంత మంచి పేరు! ఎక్కడినుండి వస్తున్నదో పేరులోనే ఉన్నది.

గిడుగువారిని తలచుకొన్నాను కాబట్టి ఇంకొక మాట. వారు మాకు దాపునే ఉన్న పర్లాకిమిడిలో పాఠాలు చెబుతున్న రోజుల్లోనే, 1896లో, స్వీడను దేశపు అరీనియస్ అనే శాస్త్రజ్ఞుడు గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో కాగితం మీద లెక్కకట్టాడు. కాబట్టి ఇది నిన్నటి పుకారు కాదు. సూర్యుని వెలుగు లోపలికి రానిస్తుంది, నేల వెలిగ్రక్కే వేడిని సులభంగా పోనివ్వదు. ఆ వాయువు గుణం అది. యంత్రయుగానికి ముందు గాలిలో పదిలక్షల పాళ్ళకు అది సుమారు 280 పాళ్ళు. నేడు 420 దాటింది. చలికాలం కప్పుకొనే దుప్పటి రోహిణి కార్తెలో మరొకటి కప్పినట్లు.

కార్తెల సంగతి వచ్చింది. "కార్తెలు గతి తప్పాయి" అని మా ప్రాంతపు రైతులు తరచుగా అంటారు. పంచాంగం చూడడం కొంత తెలిసినవాణ్ణి కనుక ఈ మాటను తేలికగా తీసుకోలేను. నక్షత్రమానం ప్రకారం కార్తెలు ఋతువులనుండి నిజంగానే జరుగుతున్నాయి. ఐతే సుమారు డెబ్బై ఏళ్ళకు ఒక్కరోజు చొప్పున. అంటే ఒక కొబ్బరిచెట్టు పుట్టి పోయేలోగా ఒక్కరోజు! వరాహమిహిరుని కాలంనుండి లెక్కవేసినా మూడు వారాలు. మన తాతలనాటి అనుభవం మనకు అక్కరకు రాకుండా పోవడానికి ఈ ఒక్కరోజు చాలదు. ఆకాశంలో సూర్యుడు తన దారిన తాను సరిగానే పోతున్నాడు. మారినది కింద. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. మూడూ హస్త వెళ్ళి చిత్త వచ్చే రోజులే. తుపానుల వేళ మా పెద్దలకు తెలిసిన వేళే. బలం మాత్రం పెరుగుతున్నది.

బలం ఎందుకు పెరగాలి? తుపానుకు తిండి సముద్రపు వేడి. నీటి ఉపరితలం 26 డిగ్రీలకు పైన ఉంటే తప్ప తుపాను పుట్టి నిలవలేదు. 1951 నుండి 2015 లోపల ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితలం సగటున సుమారు ఒక డిగ్రీ వేడెక్కినదని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020 నివేదిక చెప్పింది. వేడిగాలి ఒక్కొక్క డిగ్రీకి సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను మోయగలదు. కాబట్టి వాన కూడా కుండపోత. తిత్లీ గాలి మా కొబ్బరిని కూల్చింది, తిత్లీ వాన వంశధారను పొంగించింది. ఐతే ప్రతి తుపానునూ దీనికే ముడిపెట్టే అలవాటు నాకు నచ్చదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెననాడు ఈ చర్చ ఎక్కడున్నది? బంగాళాఖాతం ఎప్పుడూ కోపిష్టిదే. తుపానుల సంఖ్య పెరుగుతుందని శాస్త్రజ్ఞులు గట్టిగా చెప్పడం లేదు. వచ్చినవాటిలో తీవ్రమైనవాటి వంతు పెరుగుతుందని చెబుతున్నారు.

మాకంటె ముందు ఈ మార్పు తాబేళ్ళకు తెలియవచ్చును. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మా తీరానికీ, ఎగువన ఒడిశాలోని ఋషికుల్యా నదీముఖానికీ వస్తాయి. ఇసుకలో పొదిగే గుడ్డునుండి వచ్చేది ఆడదా మగదా అన్నది ఆ ఇసుక వేడిమిని బట్టి తేలుతుంది. వేడి మీరితే అన్నీ ఆడపిల్లలే.

సరే, తెలిసింది. ఏం చెయ్యాలి?

మనుష్యులను కాపాడుకోవడం కొంత నేర్చుకొన్నాము. 1999 ఒడిశా మహాతుపానులో పోయినవారు సుమారు పదివేలమంది. అదే తీరాన గోపాలపూరు దగ్గర ఫైలిన్ వచ్చిననాడు లక్షలమందిని ముందుగా తరలించగా, పోయినవారు పదుల సంఖ్యలోనే. హెచ్చరిక, ఆశ్రయం, చెప్పినమాట వినడం ఈ పని చేశాయి. ఐతే చెట్లను తుపాను ఆశ్రయానికి తరలించలేము.

మొక్కలు నాటుదాం అంటారు. ఈ విషయంలో నా పాపం ఒప్పుకొంటాను. బడిలో ప్రతి ఏటా వనమహోత్సవం నా చేతిమీదుగానే జరిగేది. ఏటేటా ఇరవై మొక్కలు. గుంతలు మాత్రం అవే! నిరుటి మొక్క చచ్చిన గుంతలోనే ఈ ఏటి మొక్క. ఫోటోలో చేయి పెట్టడానికి పదిమంది, మరునాడు నీరు పోయడానికి ఎవరూ లేరు. అవన్నీ బ్రతికాయనే అనుకొందాం. ఎదిగిన చెట్టు ఒకటి ఏడాదికి సుమారు ఇరవై కిలోల బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటుందని లెక్క. ముప్పై ఏళ్ళ నా మొక్కలు ఆరువందలు. ఏటా పన్నెండు టన్నులు.

దీని పక్కన ఇంకొక లెక్క పెడతాను. సోంపేట దగ్గర బీల అని చిత్తడినేల ఉన్నది. వానాకాలం చెరువు, తరువాత పొలం, ఎల్లకాలం చేపలకూ పక్షులకూ చుట్టుపక్కల ఊళ్ళ బావులకూ ఆధారం. అక్కడ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం తలపెట్టారు. రైతులు, మత్స్యకారులు వద్దన్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దుచేసింది. కేంద్రం రాలేదు. అది సంవత్సరంలో ఏడుపాళ్ళ కాలం పనిచేసి ఉంటే సుమారు 1,600 కోట్ల యూనిట్లు. బొగ్గుతో చేసే యూనిట్టుకు కొంచెం తక్కువగా ఒక కిలో బొగ్గుపులుసు వాయువు. అంటే ఏటా కోటిన్నర టన్నులు. దానికి సమానంగా పీల్చాలంటే డెబ్బై ఐదు కోట్ల చెట్లు కావాలి. గుంతలు ఎక్కడ తీస్తాము?

బీల మనుష్యులు భూతాపం కోసం పోరాడలేదు. ఆ మాట వారి నినాదాలలో లేదు. మా నీరు, మా పొలం, మా చేప అన్నారు. నా ఉద్దేశంలో ఈ జిల్లాలో శీతోష్ణస్థితికి జరిగిన అతిపెద్ద మేలు అది. దానిని ఎవరూ అలా లెక్క వ్రాయలేదు. టెక్కలి దగ్గర కాకరాపల్లిలోనూ ఇలాగే చిత్తడినేల మీద బొగ్గు కేంద్రం తలపెట్టగా ప్రతిఘటన జరిగింది, 2011 ఫిబ్రవరి 28న అక్కడా కాల్పులు జరిగాయి. దాపునే తేలినీలాపురంలో కొంగలు వచ్చి చెట్లమీద కాపురం పెడతాయి. చూడనివారు ఒక చలికాలం వచ్చి చూడండి.

దీనికి ఒక ఎదురుప్రశ్న ఉన్నది, అది నేనే వేసుకొన్నాను. సోంపేటలో కాలని బొగ్గు మరొకచోట కాలింది. ఈ టపా వ్రాస్తున్న కంప్యూటరుకు వచ్చే కరెంటులో మూడొంతుల దాకా బొగ్గుదే. మా ఊరి గాలి శుభ్రంగా ఉండడానికి ఎవరి ఊరిలోనో బూడిద పడుతున్నది. ఈ ప్రశ్నకు నాకు పూర్తి సమాధానం దొరకలేదు. దొరికినంతవరకు డాబా మీద పెట్టించాను. రెండు కిలోవాట్ల సౌరఫలకాలు, కేంద్రప్రభుత్వం 2024లో మొదలుపెట్టిన సూర్యఘర్ పథకం కింద. నెలకు రెండువందల యూనిట్లకు పైగా వస్తున్నది. పెట్టించే ముందు తెలియని సంగతి ఒకటి తరువాత తెలిసింది. వీధి కరెంటు పోతే బ్యాటరీ లేని ఈ ఏర్పాటు కూడా తానంతట తాను ఆగిపోతుంది. తిత్లీ తరువాత రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్ళం, కాబట్టి పెట్టించుకొనేవారు ముందే అడగండి. చట్రాన్ని గాలికి తట్టుకొనేలా బిగించమనీ చెప్పండి.

ఐతే, పొదుపు పాఠం ఎవరికి చెప్పాలన్నది కూడా చూసుకోవాలి. భారతీయుడొకడు సగటున ఏడాదికి సుమారు రెండు టన్నుల వాయువు వదిలితే, అమెరికాలో ఒకడు పద్నాలుగు టన్నుల దాకా వదులుతాడు. మన రెండు టన్నులలోనూ పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడమనిషి వంతు ఎంత? హైదరాబాదులో మా అబ్బాయి వంతు ఎంత? నా బంధువులు అమెరికానుండి ఫోనుచేసి ఉద్దానంలో ప్లాస్టిక్ సంచులు ఎక్కువైపోయాయని బాధపడుతూ ఉంటారు. నేను ఊఁ కొడతాను.

ఉద్దానం పేరు ఇప్పుడు తోటలకంటె మూత్రపిండాల జబ్బుకే ఎక్కువ తెలుసు. కారణం ఇంతవరకు ఇదమిత్థమని తేలలేదు. నీటిని పరీక్షించారు, నేలను పరీక్షించారు. హిరమండలం జలాశయంనుండి మంచినీటి పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో కూడిన ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇటువంటి జబ్బే నికరాగువా, సాల్వడార్ దేశాల చెరకుకూలీలలో ఉన్నది. అక్కడ ఎండలో నీరు లేకుండా కష్టపడడం ప్రధానమైన అనుమానం. మన దగ్గర అదే కారణమని నేను అనను. కాని నికరాగువా చెరకుతోటలలో నీరు, నీడ, విశ్రాంతి నియమంగా ఇచ్చాక కూలీల మూత్రపిండాలకు దెబ్బ తగ్గినట్లు చూశారు. మనకు తేలేదాకా అది చేయడానికి అడ్డేమిటి? నీడ పోయిన ఉద్దానంలో, రోహిణి కార్తెలో, పదకొండు గంటలకు కూలివానిచేత గుంత తవ్వించడం నాకు సిగ్గనిపించింది. మా తోటలో పని తెల్లవారి ఐదింటికి మొదలై తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. కూలి పూర్తిగా ఇస్తాను. ఇరుగుపొరుగు రైతులు రేటు పాడుచేస్తున్నానని కోప్పడ్డారు. ఇద్దరు మాత్రం ఇప్పుడు అదే పద్ధతికి వచ్చారు.

తీర్పు సంగతి. తుపానునాడు మా తోటలో ఏది పడింది, ఏది నిలిచింది అని ముసలాయనను అడిగి పుస్తకంలో వ్రాసుకొన్నాను. తూర్పు గట్టుమీది తాడిచెట్లు పదకొండింటిలో ఒక్కటీ పడలేదు. మొగలిపొదల వెనుక ఉన్న కొబ్బరి నాలుగు నిలిచాయి, ఎదురుగాలికి ఉన్న వరుస మొత్తం పోయింది. జీడిమామిడి పెద్దవన్నీ పడ్డాయి, కొమ్మలు కొట్టి పొట్టిగా ఉంచినవి బ్రతికాయి. పనస రెండిటికీ కొమ్మలు విరిగాయి, చెట్లు చావలేదు. ఇది ఒక్క తోట సాక్ష్యమే. శాస్త్రమని చెప్పను. మా నాన్నగారి కాలంలో అన్నీ కలిపి వేసేవారు. నడుమ మేమే ధర చూసి కొబ్బరి, కొబ్బరి అని నింపాము. ఆ తప్పు తుపానుది కాదు.

కాబట్టి డెబ్బై నాలుగు కొబ్బరికి బదులు ఇరవై ఎనిమిది, దూరం దూరంగా. నడుమ పనస, మామిడి, మునగ, కింద కంద, పసుపు. తూర్పున మొగలి, దాని వెనుక తాటిటెంకలు నలభై. అబ్బాయి సెలవుకు వచ్చి పుస్తకం చూసి, "తాటికాపు ఎప్పుడు నాన్నా?" అన్నాడు. పదిహేను ఏళ్ళు పట్టవచ్చునన్నాను. నా వయస్సు మనసులో కూడుకొన్నట్లున్నాడు, ఏమీ అనలేదు. ముసలాయన మాత్రం టెంకమీద మట్టి కప్పుతూ, "అప్పుడికి నాను ఎక్కలేను బాబూ, ఎవడినో సూసుకోండి," అన్నాడు. లీజు మాట ఆ సాయంత్రం మళ్ళీ రాలేదు. మానుకొన్నాడని నేననుకోవడం లేదు.

కొబ్బరిమొక్కలు ఇరవై ఎనిమిదిలో మూడు ఎండిపోయాయి. బదులు మొక్కలు వచ్చే వానలకు పెట్టాలి. కోనసీమనుండి, దివిసీమనుండి వ్రాసే మిత్రులున్నారు కదా, మీ తోటలలో ఏ తుపానుకు ఏ చెట్టు పడింది, ఏది నిలిచింది, ఏ దిక్కున ఉన్నది అన్నది నాకు వ్రాయండి. పుస్తకంలో ఇంకా ఖాళీ పేజీలున్నాయి.